దేవుడి ఉనికికి రుజువులు: ఫిలాసఫీ ఆప్షనల్‌లో నాకు దారి చూపిన టాపిక్

సివిల్స్ ఫైనల్ లిస్టులో నా పేరు వచ్చింది. అప్పటి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. "అన్నా, ఫిలాసఫీ తెలుగు మీడియంలో ఎట్ల రాసినవ్?" అని హన్మకొండ లైబ్రరీలో చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నారు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పేపర్-1 గురించి, సోషియో-పొలిటికల్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని టాపిక్‌కి రెండు పేజీల నోట్స్ రాసుకోండి, చాలు. అసలు సంగతి పేపర్-2 సెక్షన్-బి, అంటే మత తత్వశాస్త్రం. అందులోనూ దేవుడి ఉనికికి రుజువులు, వాటి విమర్శ.

నేను దేవుణ్ణి నమ్మను. కానీ "నమ్మను" అన్నంత మాత్రాన మార్కులు పడవు, "నమ్ముతాను" అన్నా పడవు. దేవుడనే భావన నుంచే దేవుడున్నాడని తేల్చే అన్‌సెల్మ్ వాదం, లోకంలోని కదలిక, కారణాల లాంటివి పట్టుకుని దేవుడి దాకా వెళ్లే అక్వినాస్ ఐదు మార్గాలు అందరూ రాస్తారు. ఉనికి అనేది వస్తువుకుండే గుణం కాదని 1781లో జర్మన్ తత్వవేత్త కాంట్ చెప్పిన మాట కూడా అందరి జవాబుల్లో ఉంటుంది. భారతీయ వాదాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈశ్వరుడున్నాడని వాదించిన న్యాయ పండితుడు ఉదయనుడి పేరు, ఒక శ్లోకం రాసి ముందుకెళ్లిపోతారు. నాకు దారి దొరికింది అక్కడే.

నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, వాళ్ల వాదం మీకు తెలిసిందే. భూమి, మొలక లాంటివి కార్యాలు, అంటే ఏదో కారణం వల్ల పుట్టినవి. కార్యమన్నాక తెలివిగల కర్త ఉంటాడు, కుండకు కుమ్మరి ఉన్నట్టు. నయీంనగర్ రూమ్‌లో ఒక రాత్రి దీని మీద ధర్మకీర్తి విమర్శ చదువుతున్నాను. ఏడో శతాబ్దపు బౌద్ధుడాయన. మట్టితో తయారైందల్లా కుమ్మరి చేసిందే అయితే పుట్టను కూడా కుమ్మరే చేశాడనాలి కదా, అంటాడు. పుస్తకం పక్కన పెట్టేశాను. నాగుల పంచమికి అమ్మ పాలు పోసే పుట్ట కళ్లముందు మెదిలింది. చెదలు ఒక్కో మట్టి రేణువు తెచ్చి, తడిపి, అతికిస్తూ పోతే లేచిన పుట్ట. లోపల గదులు, గాలి ఆడే సందులు. నక్షా గీసినవాడు లేడు, మేస్త్రీ లేడు. కుండలు చేయడం చూశాం కనుక కుండ కనబడగానే కుమ్మరి గుర్తొస్తాడు. కొండను ఎవరైనా చేస్తుంటే చూశామా? 1779లో అచ్చయిన సంవాదాల్లో స్కాట్లాండ్ తత్వవేత్త హ్యూమ్ అడిగిందీ ఇదే. ఇళ్లు కట్టడం చూశాం, లోకాలు కట్టడం ఎవరు చూశారు?

అప్పటి నుంచి ముందు నైయాయికుడి పక్షాన నిలబడి, అతని వాదాన్ని అతనే మెచ్చుకునేంత గట్టిగా రాయడం మొదలుపెట్టాను. మొలకకు కర్త ఉన్నాడా లేడా అన్నదే వివాదం కాబట్టి దాన్ని మాకు వ్యతిరేక ఉదాహరణగా తేవద్దంటారు వాళ్లు. మంచి జవాబే. కానీ అట్లా అయితే మనిషి చేయని ప్రతిదీ వివాదం కిందికే పోతుంది, ఆ వాదం తప్పని తేలడానికి వీలే మిగలదు. ఈ రెండో మెట్టు వరకూ వెళ్లిన జవాబే మీ పేపర్‌ని మిగతావాటి నుంచి వేరు చేస్తుంది.

ఇంకొకటి తప్పక రాయండి. ఈశ్వరుణ్ణి అనుమాన ప్రమాణంతో, అంటే తర్కంతో ఊహించి, నిరూపించలేం, శాస్త్రమే (వేదమే) ఆధారం అని బ్రహ్మసూత్రాలకు రాసిన శ్రీభాష్యంలో వాదించింది రామానుజుడు. అంతటి భక్తుడు! వేదాన్ని ప్రమాణంగా తీసుకున్న మీమాంసకుడు కుమారిల భట్టు సృష్టికర్త అక్కర్లేదన్నాడు. దేవుణ్ణి ప్రశ్నించడం పరాయి దేశాల నుంచి వచ్చిన అలవాటు అనేవాళ్లు వీళ్లను చదవాలి. మన బమ్మెర పోతన కూడా గజేంద్రుడి చేత "కలడో లేడో" అనిపించాడు.

రిజల్ట్ రాగానే చుట్టాలందరూ భద్రకాళమ్మ దయ అన్నారు. అమ్మ కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంది. ఆ మొక్కు తీర్చుకోవడానికి నేనే తీసుకెళ్తాను. ఆమె నమ్మకం ఆమెది. కానీ ఈ ఫలితం మొక్కు వల్ల వచ్చిందంటే మాత్రం ఒప్పుకోను. నాతో మెయిన్స్ రాసినవాళ్ల ఇళ్లలోనూ ముడుపులు కట్టారు. లిస్టులో పేరు లేనివాళ్ల ముడుపులు ఎవరి లెక్కలోకీ రావు. ఓడ ప్రమాదం నుంచి బయటపడి మొక్కులు చెల్లించినవాళ్ల బొమ్మలు చూపిస్తే, మునిగిపోయినవాళ్ల బొమ్మలు ఎక్కడున్నాయని గ్రీకు దేశపు నాస్తికుడు డయాగొరస్ అడిగాడని రోమన్ రచయిత సిసెరో రాశాడు. పాసైతే దయ, ఫెయిలైతే గ్రహాలు అనుకునేవాళ్లకు తమ జవాబులో లోపం ఎక్కడుందో దొరకదు. అందుకే రోజూ ఒక జవాబు రాయండి, మీతో ఏకీభవించని ఫ్రెండ్‌తోనే దిద్దించుకోండి. నా జవాబులు దిద్దినవాడు రోజూ సంధ్యావందనం చేసే రూమ్‌మేట్. నా ప్రతి వాక్యానికీ "రుజువేది?" అని ఎర్ర ఇంకుతో రాసేవాడు.

సెక్షన్-బి నోట్స్ స్కాన్ చేసి పెడతాను. ఈశ్వర నిరూపణ పేజీలు మాత్రం కాపీ కొట్టకుండా మీరే రాసుకోండి, మీరు నమ్మేవాళ్లయినా సరే.