కారుకి క్లే బార్: మెరుపు కోసమైతే వద్దు

కారు శుభ్రంగా కడిగి, తుడిచి, ఆరాక ఒక పని చెయ్యండి. కూరగాయల కొట్లో ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద వేళ్లతో మెల్లగా నిమిరి చూడండి. ఉత్తి చేతికి నున్నగా అనిపించిన చోటే కవరులోంచి గరగరమని తగులుతుంది. చర్మం పెయింటుని పట్టుకోకుండా కవరు జారుతూ పోతుంది కాబట్టి కంటికి ఆనని గింజలు కూడా వేలికి తెలిసిపోతాయి. ఆ గరగర షాంపూతో పోదు, నురగ ఎంత వచ్చినా పోదు, ప్రెషర్ వాషర్ పెట్టి కొట్టినా పోదు. క్లే బార్ అనే మెత్తటి ముద్ద ఉన్నది దానికోసమే. కవరు నున్నగా జారిపోతే మాత్రం మీ కారుకి క్లే అక్కర్లేదు, ఆ డబ్బులు మంచి షాంపూకో మైక్రోఫైబర్ క్లాత్‌లకో పెట్టుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈమధ్య కార్లని నగిషీగా శుభ్రం చేసి మెరుగుపెట్టే ఏ డీటెయిలింగ్ స్టూడియోకి వెళ్లినా 'క్లే ట్రీట్‌మెంట్' అని ప్యాకేజీలో కలిపేస్తున్నారు, జనం కూడా అదేదో ఫేషియల్ అనుకుని చేయించేసుకుంటున్నారు. క్లే మెరుపునివ్వదు. పెయింటుకి అంటుకున్నదాన్ని పీకేస్తుంది, అంతే. పీకేశాక నున్నగా అవుతుంది కాబట్టి కాస్త మెరిసినట్టు కనిపిస్తుంది, అది వేరే సంగతి.

నేనుండేది విశాఖలో, గాజువాక వైపు. ఇక్కడ తెల్లకారు ఉన్నవాళ్లని అడగండి, బంపర్ మీదా డిక్కీ మీదా నారింజ రంగులో ఆవగింజలో పావు వంతు కూడా లేని చుక్కలు ఎలా వస్తాయో వాళ్లే చెబుతారు. కొత్త కారు తుప్పు పడుతోందని షోరూముకి వెళ్లి గొడవ పెట్టుకున్నవాళ్లు కూడా నాకు తెలుసు. నిజానికి తుప్పు పట్టింది కారు కాదు. గాల్లో తిరిగే సన్నటి ఇనుప రజను వచ్చి పెయింటు మీద వాలి, అక్కడ అతుక్కుని, తర్వాత తడి తగిలి తుప్పు పడుతుంది. ఆ రజను ఎక్కడినుంచైనా రావచ్చు: మన బ్రేకులే, డిస్క్ అరిగినప్పుడల్లా కాస్త పొడి రాలుస్తాయి, రైలు చక్రాలు పట్టాల మీద అరుగుతాయి, వెల్డింగ్ షాపుల్లో గ్రైండర్ తిరుగుతూనే ఉంటుంది, ఇక ఫ్యాక్టరీలు, రేవులో దిగే ఖనిజం సంగతి ఈ ఊరివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వేడిగా ఎగిరొచ్చిన రవ్వ అయితే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పైగా సముద్రపు గాలి, ఉప్పు, తేమ, కాబట్టి తుప్పు తొందరగానే మొదలవుతుంది. నల్లకారు మీద కూడా ఇవన్నీ ఉంటాయి, కనపడవు అంతే.

ఇక ఈ క్లే అంటే ఏమిటి? మట్టి కాదు. పాలీబ్యూటీన్ లాంటి సాగే పదార్థంలో చాలా మెత్తటి అరగదీసే పొడి కలిపి చేసిన ముద్ద. జపాన్‌లో పుట్టింది. పెయింటింగ్ షాపుల్లో ఒక కారుకి స్ప్రే కొడుతుంటే పక్క కారు మీద పడే తుంపర్లని తీయడానికి వాడేవారు, 1990ల్లో అమెరికాలో కారు ఓనర్ల చేతికి వచ్చింది. దీని పేటెంట్ కాగితాల్లో దీన్ని మెత్తగా వంగే సానరాయి అనే రాసుకున్నారు. ఆ మాట గుర్తుంటే చాలు, అవసరం లేకపోయినా నెలకోసారి రుద్దాలన్న సరదా పోతుంది.

పని చేసే తీరు సులువే. పెయింటు మీద జారుడుగా ఉండే నీళ్లేవో కొట్టి క్లేని అటూ ఇటూ జరుపుతాం. అది నున్నటి చోట జారిపోతుంది, పైకి పొడుచుకొచ్చిన గింజ తగిలితే దాన్ని పట్టుకుని తనలోకి లాక్కుంటుంది. కాబట్టి పెయింటు మట్టానికి పైన ఉన్నది మాత్రమే దాని పరిధి. గీతలు, పిట్ట రెట్ట తినేసిన మరక, ఎండలో వాడిపోయిన రంగు, ఇవన్నీ మట్టానికి కింద ఉన్నవి, వాటిని క్లే ముట్టుకోలేదు కూడా. సూర్యుడి వెలుతురులో కారు మీద సాలెగూడులా గుండ్రంగా కనపడే సన్న గీతలు ఉంటాయే, స్విర్ల్ మార్కులంటారు, చాలామంది వాటికోసమే క్లే కొంటారు. ఆ గీతలు ఎలా వచ్చాయో మీ అపార్టుమెంటు సెల్లార్‌లో పొద్దున్నే ఆరింటికి నిలబడి చూడండి: ఒక బకెట్టు నీళ్లు, ఒక పాత గుడ్డ, వరసగా పది కార్లు. మొదటి కారు దుమ్ము ఆఖరి కారుదాకా ప్రయాణం చేస్తుంది. ఆ అబ్బాయిని తప్పుపట్టి లాభం లేదు, నెలకి మనం ఇచ్చేదానికి అంతకన్నా ఏం చేస్తాడు. పొడి దుమ్ము మీద తడిగుడ్డ వెయ్యొద్దని చెప్పి, రోజూ తుడవడం మానిపించి, వారానికోసారి సరిగ్గా కడిగించుకుంటే పెయింటుకి క్లే కన్నా ఎక్కువ మేలు. గీతలు పోవాలంటే పాలిష్ కొట్టాల్సిందే, క్లే కాదు.

బోరు నీళ్ల మచ్చలు కూడా అంతే. నీళ్లు ఆరిపోయి మిగిలిన తెల్లటి గుండ్రాలు సున్నపు ఉప్పులు, వాటికి పలచన చేసిన తెల్ల వెనిగర్‌తో ఒకసారి మెత్తగా తుడిచి వెంటనే నీళ్లతో కడిగేస్తే కొత్త మచ్చలు చాలావరకు పోతాయి. పాతవి పెయింటులోకి తినేసి ఉంటాయి, మళ్లీ పాలిషే. మామిడి చెట్టు కింద పెట్టే కార్ల మీద పూత రోజుల్లో జిగటగా పడేది తేనెమంచు పురుగు వదిలే తీపి రసం, దానికి గోరువెచ్చటి షాంపూ నీళ్లు సరిపోతాయి, కాకపోతే ఎండిపోయి నల్లబడకముందే కడగాలి. సిమెంటు చుక్కలు పడితే క్లే జోలికే పోవద్దు, ఆ గరుకు ముక్క క్లేకి అంటుకుని కారంతా గీస్తుంది.

సరే, కవరు పరీక్షలో గరగర తేలింది, చేద్దామనుకున్నారు. తొందర పడకుండా ముందు మామూలుగా రెండు బకెట్లతో కడగండి, ఒకటి షాంపూది, ఒకటి గుడ్డ జాడించుకోడానికి. తర్వాత తలుపుల కింది భాగంలో, చక్రాల వెనక తారు చుక్కలు ఉంటే తారు తీసే ద్రవం గుడ్డకి రాసి తుడిచేయండి. క్లేతో కూడా తారు వస్తుంది కానీ ముద్దంతా నల్లగా అయిపోయి పనికిరాకుండా పోతుంది. ఆ తర్వాత మా ఊరి లాంటి చోట్ల తప్పనిసరిగా ఐరన్ రిమూవర్, అంటే ఇనుప రజనుని కరిగించే స్ప్రే. నాకైతే మొత్తం పనిలో ఇదే సరదా. స్ప్రే కొట్టి కాసేపు ఆగితే తెల్ల పెయింటు మీద ఊదారంగు చారలు కారడం మొదలవుతుంది, దాంట్లో ఉన్న థయోగ్లైకోలేట్ ఇనుముతో కలిసినప్పుడు వచ్చే రంగు అది. వెంట్రుకలు తీసే క్రీముల్లో ఉండేది కూడా ఆ కుటుంబం మందే, అందుకే ఆ ముక్కు పగిలే వాసన. గ్లవ్స్ వేసుకోండి, గాలాడే చోట చెయ్యండి, పెయింటు మీద ఆరిపోనివ్వకుండా కడిగేయండి. ఇనుములో చాలా భాగం ఇక్కడే కరిగిపోతుంది కాబట్టి క్లేతో రుద్దాల్సింది తగ్గుతుంది, రుద్దడం ఎంత తగ్గితే పెయింటుకి అంత మంచిది. కొన్ని కార్లకి ఈ రెండింటితోనే గరగర పోతుంది. మళ్లీ కవరు తొడిగి చూసుకుని, ఇంకా ఉన్న చోటే క్లే పట్టండి.

క్లే కొనేటప్పుడు 'ఫైన్' అని రాసున్నదే తీసుకోండి. మీడియం, హెవీ రకాలు తుంపర్లు దట్టంగా పడ్డ కార్లకి, అవి కొట్టాక పాలిష్ మెషిన్ లేకుండా బయటపడలేరు. వంద గ్రాముల ముద్దని మూడు నాలుగు ముక్కలు చేసుకుని ఒక్కటే బయట పెట్టుకోండి, మిగతావి డబ్బాలో ఉంచండి. ఎందుకంటే ముక్క నేల మీద పడిందా, ఇక అంతే, చెత్తబుట్టకే. ఒక్క ఇసుక రేణువు దాంట్లో ఇరుక్కున్నా అది కంటికి కనపడదు, బానెట్ మీద మాత్రం గీత కనపడుతుంది. కడిగేస్తే పోతుంది కదా అంటారు, పోదు. ముక్కలు చేసుకుంటే పడినా ఏడుపు రాదు.

చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో కాసేపు వేసి, చపాతీ పిండిలా పిసికి, మూడు వేళ్ల వెడల్పున బిళ్లలా ఒత్తుకోండి. నీడలో, పెయింటు చెయ్యి పెడితే చల్లగా తగిలేటప్పుడు మాత్రమే. మా దగ్గర మే నెలలో అంటే తెల్లవారుజామే, తొమ్మిదైతే స్ప్రే కొట్టిన నీళ్లు కొట్టినట్టే ఆరిపోతాయి. జారుడుకి క్లేతో పాటు ఇచ్చే స్ప్రే వాడొచ్చు, లేదంటే మంచి కారు షాంపూ కొన్ని చుక్కలు నీళ్లలో కలిపి స్ప్రే బాటిల్‌లో పోసుకున్నా నడుస్తుంది. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు మాత్రం వద్దు, కొన్ని క్లేలు దాంతో చితికిపోయి పెయింటుకి జిగురులా అంటుకుంటాయి. స్ప్రే విషయంలో పిసినారితనం అస్సలు పనికిరాదు. ఒక మూర పొడవు, ఒక మూర వెడల్పు చోటు తీసుకుని, పెయింటునీ క్లేనీ రెంటినీ తడిపి, బిళ్ల బరువు తప్ప చేతి బరువు పడకుండా తిన్నగా అటూ ఇటూ జరపండి, గుండ్రంగా తిప్పొద్దు. మొదట్లో పట్టుపట్టి, సన్నగా కరకర చప్పుడు వస్తుంది, నాలుగైదుసార్లు జరిపేసరికి చప్పుడు ఆగి జారిపోతుంది. జారితే ఆ చోటు అయిపోయినట్టే, ఇంకా రుద్దకండి. తుడిచి, బిళ్ల తిప్పి చూడండి, పసుపూ గోధుమా నలుపూ కలిసిన మురికి కనపడుతుంది, దాన్ని లోపలికి మడిచి కొత్త ముఖం బయటికి తెచ్చుకుని పక్క చోటుకి వెళ్లండి.

వరస కూడా ముఖ్యం. పైకప్పు, బానెట్ ముందు, తలుపుల కింది భాగాలు, వెనక బంపర్ ఆఖర్న, ఎందుకంటే అన్నిటికన్నా మురికి అక్కడే. నేను సెల్లార్‌లో ఈ పనిలో ఉంటే పక్క ఫ్లాట్ అంకుల్ వచ్చి "ఏంటి బాబూ, కారుకి ముద్ద రాస్తున్నావు?" అన్నారు. రాయడం కాదండీ తీయడం అని ఆయన చేతికి కవరు తొడిగి ముందు చేసిన సగం, చెయ్యని సగం రెండూ నిమిరించాను. ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది, సాయంత్రానికి తన కారు తాళాలు పట్టుకొచ్చేశారు. ఆయనది నల్ల కారు, పైగా నిరుడు సెరామిక్ కోటింగ్, అంటే పెయింటుని కాపాడే గట్టి పూత, చేయించింది. నేను ముట్టుకోనన్నాను. సెరామిక్ మీద క్లే రుద్దితే కోటింగ్ అరుగుతుంది, దానికి ఐరన్ రిమూవర్, షాంపూ వరకే. కోటింగ్ లేకపోయినా నల్ల పెయింటు మీద ఫైన్ క్లే సైతం పొగ పట్టినట్టు సన్న మసక వదలొచ్చు, పాలిష్ కొట్టే ఉద్దేశం ఉంటేనే మొదలుపెట్టాలి. మెరుపు లేని మ్యాట్ పెయింటు కార్లకైతే అసలు వద్దు, రుద్దిన చోట మెరుపు వచ్చి మచ్చలా ఉండిపోతుంది.

క్లే అయ్యాక కారుని అలా వదిలెయ్యకూడదు. పాత వ్యాక్స్ ఏదైనా ఉంటే అది కూడా క్లేతోపాటు పోయింది, పెయింటు బోసిగా ఉంది. రంగు పైనుండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్, దాని మందం మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా పల్చన. కాబట్టి అదే రోజు వ్యాక్సో, దానిలాగే పెయింటుని కాపాడే సీలెంటో పట్టించాలి. నున్నటి పెయింటు మీద వ్యాక్స్ సమంగా పరుచుకుంటుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది. గింజల మీద పూసిన వ్యాక్స్ ఒక వాన పడేసరికి ఎక్కడికక్కడ వదిలేస్తుంది.

ఎన్నాళ్లకోసారి అంటే తేదీ పెట్టుకోవద్దు, కవరు పెట్టుకోండి. మా ఇనుప గాలిలో కూడా ఏడాదికి ఒకట్రెండుసార్లు మించి అవసరం పడదు. ఊరి బయట, రోడ్డుకి దూరంగా, షెడ్డులో ఉండే కారుకి రెండేళ్లయినా పడకపోవచ్చు. చేతికి తొడుక్కునే క్లే మిట్లు, క్లే టవళ్లు అని రబ్బరు పూత ఉన్నవి కూడా వస్తున్నాయి, పని తొందరగా అవుతుంది, కింద పడితే కడుక్కుని వాడుకోవచ్చు. పెద్ద కార్లున్నవాళ్లకి అవి నయం. కానీ ఎంత మురికి తీసిందో ముద్దలో కనపడినట్టు వాటిలో కనపడదు, నాకు ముద్దే ఇష్టం.

పెయింటు మీద వాడి వాడి బూడిదరంగుకి తిరిగిన ముక్కని వెంటనే పారెయ్యకండి, ముందు అద్దం మీద వాడండి. వానాకాలంలో వైపర్ టకటకమని ఎగిరెగిరి పడుతుంటే రబ్బరు మార్చేముందు ఒకసారి అద్దాన్ని తడిపి క్లే పట్టి చూడండి, సగం సార్లు తప్పు అద్దం మీది జిడ్డు పొరదే. ఆ తర్వాత అల్లాయ్ చక్రాలకి. చక్రాలకి వాడిన ముక్క మాత్రం మళ్లీ పెయింటు దగ్గరికి రాకూడదు, బ్రేకు రజనంతా దాంట్లోనే ఉంటుంది, అటునుంచి అటే చెత్తలోకి.