నర్సీపట్నం రోడ్‌లో దిగి చూడండి

విశాఖ నుంచి తుని వైపు ఎక్స్‌ప్రెస్‌లో పోతుంటే నర్సీపట్నం రోడ్ అనే పసుపు బోర్డు చదివేలోపే వెనక్కి పోతుంది. మొన్న సెలవు రోజున పనిగట్టుకుని పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి అక్కడ దిగాను. పేరు చూసి నర్సీపట్నం పక్కనే ఉందనుకోకండి, ఆ ఊరు లోపలికి చాలా దూరం, అడ్డరోడ్డు నుంచి బస్సో ఆటోనో పట్టుకోవాలి.

ప్యాసింజర్ ఎక్కితే ఓపిక ఉండాలి. దువ్వాడలో మా బండిని లూప్ లైన్‌లో, అంటే పక్క పట్టా మీద పెట్టేసి వెనకాల వచ్చే ఎక్స్‌ప్రెస్‌కి దారిచ్చారు, తాడిలో ఇద్దరు ముగ్గురు ఎక్కారు, అనకాపల్లిలో సగం పెట్టె ఖాళీ అయి మళ్ళీ అంతమందితో నిండింది. తర్వాత కశింకోట, బయ్యవరం, నరసింగపల్లి, ఎలమంచిలి, రేగుపాలెం. ప్రతి చోటా ఎవరో ఒకరు మూటతోనో పుస్తకాల సంచితోనో పరిగెత్తుకొచ్చి ఎక్కుతూనే ఉన్నారు. కోవిడ్ తర్వాత ఈ బండ్లకు కనీస టికెట్ ముప్పై రూపాయలు చేసి, 2024 ఫిబ్రవరిలో మళ్ళీ పదికి తెచ్చారు. రోజూ విశాఖ వచ్చి కూలి చేసుకునేవాళ్ళకు ఆ ఇరవై రూపాయల తేడా ఏమిటో నా ఎదుటి సీటులో కూర్చున్నామె లెక్కవేసి మరీ చెప్పింది.

దారిలో సముద్రం కనిపిస్తుందని కిటికీ సీటు కోసం కొట్టుకోనక్కర్లేదు. ఇక్కడ పట్టాలు తీరానికి బాగా లోపలగా పోతాయి. కుడి పక్క కొండలు, ఎడమ పక్క పొలాలు, కొబ్బరి, తాటిచెట్లు. సముద్రం చూడాలంటే రేవుపోలవరం వైపు వెళ్ళాల్సిందే. విజయవాడ నుంచి కటక్ దాకా ఈ లైన్ 1893కీ 1896కీ మధ్య పడింది, అంటే ఈ పొలాల మధ్య నుంచి రైలు పోవడం మొదలై నూట పాతికేళ్ళు దాటిపోయింది.

మా బండి వెళ్ళిపోయాక ప్లాట్‌ఫామ్ మీద మిగిలింది నేనూ, చెట్టు కింద సుత్తి, స్పానర్ పక్కన పెట్టుకుని మంచినీళ్ళు తాగుతున్న ఒక కీమ్యానూ.

"ఏటి బాబూ, దిగి ఇక్కడే ఉండిపోనారు?" అన్నాడు.

"స్టేషన్ చూద్దామని వచ్చాను అన్నా."

నమ్మలేదు గానీ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రోజూ తన బీట్, అంటే తనకు అప్పగించిన పట్టాల దూరం మొత్తం నడిచి, పట్టాని స్లీపర్‌కి పట్టి ఉంచే క్లిప్పులు ఒక్కొక్కటీ చూసుకుంటూ, ఊడినవి సుత్తితో బిగించుకుంటూ పోవడం ఆయన పని. "ఎండకి పట్టా సాగుతాది బాబూ, చలికి విరుగుతాది. చలికాలం తెల్లారగట్ల మరీ జాగ్రత్తగా చూడాల" అని చెబుతూ చెబుతూ ఠక్కున లేచి పట్టాల వైపు చూశాడు. నాకేం వినపడలేదు. కాసేపటికి విశాఖ వైపు నుంచి ఒక ఎక్స్‌ప్రెస్ ఆగకుండా దూసుకొచ్చింది, స్టేషన్ మాస్టర్ బయటికొచ్చి పచ్చజెండా చూపించారు, చివరి పెట్టెలోంచి గార్డు కూడా పచ్చజెండా ఊపాడు. అన్ని పెట్టెలూ సరిగ్గా దాటిపోయాయని చూసుకున్నాకే ఆయన లోపలికి వెళ్ళారు. ఏసీ పెట్టెలో పడుకున్నవాళ్ళకు ఈ ఊరు ఉన్నట్టు కూడా తెలియదు, వాళ్ళు క్షేమంగా దాటిపోవడానికి మాత్రం ఇక్కడ రాత్రీ పగలూ ఎవరో ఒకరు మేలుకునే ఉంటున్నారు. నాకు ఆ మనుషుల మీద గౌరవం పెరిగింది.

కీమ్యానే ఏటికొప్పాకకి ఆటో మాట్లాడి పెట్టాడు. వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు, 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన లక్కబొమ్మలు అక్కడివే. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పసుపు, నీలిమందు లాంటి సహజ రంగులకు ఈ బొమ్మలు పేరుపడ్డాయి. మా అక్క కూతురికి ఒక బొంగరం కొన్నాను.

ప్యాసింజర్ ఆగే స్టేషన్లలో జనం తక్కువని హాల్ట్ ఎత్తేయాలనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పుస్తకాల సంచి పిల్లలు కాలేజీకి ఎలా వెళ్ళాలి?

మీరు వెళ్తే పొద్దున బండికే వెళ్ళండి. నీళ్ళూ తినడానికేమైనా విశాఖలోనే కొనుక్కోండి. తిరుగు బండి టైమ్ దిగగానే స్టేషన్‌లో అడగండి, అది తప్పిందా, అడ్డరోడ్డు నడిచొచ్చి హైవే మీద బస్సు ఎక్కడమే.