అమ్మ పొదుపు పుస్తకం, పిల్లల పే స్లిప్

గ్రామీణ శాఖల్లో బ్యాంకు ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందిన తరువాత, రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఉదయం నాయుడుపేట దగ్గర ఒక ఊరిలోని మహిళా పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య భవనంలో, కొత్తగా ఉద్యోగాల్లో చేరబోయే పిల్లలకు రెండు గంటలపాటు పాఠం చెబుతున్నాను. వాళ్లలో ఇంటర్, ఐటీఐ, డిప్లొమా పూర్తిచేసినవారు ఎక్కువ. కొందరు శ్రీసిటీ, తడ వైపు పరిశ్రమల్లో చేరతారు, మరికొందరు చెన్నై శివార్లకు వెళతారు. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉండడం, షిఫ్టు పని చేయడం, సొంత ఖాతాలో జీతం పడడం, ఈ మూడూ వాళ్లకు ఒకే నెలలో ఎదురవుతాయి.

తొలి ఏడాది మేము పాఠాలను రెండుగా విడదీశాము. ఖాతాలు, వడ్డీ, బీమా గురించి నేను చెప్పేవాడిని. మాటతీరు, ఇంటర్వ్యూ, నలుగురితో కలిసి పనిచేయడం గురించి కళాశాలలో పాఠాలు చెప్పే ఒక మిత్రుడు చెప్పేవారు. రెండింటిలోనూ చురుకుగా ఉన్న ఒక అబ్బాయి ఉద్యోగంలో చేరిన డెబ్బై రోజులకే తిరిగి వచ్చేశాడు. కారణం అడిగితే చాలాసేపు తల వంచుకుని, “జీతంలో కోసేస్తున్నారు సార్” అన్నాడు. ఆ తరువాతి వారం వాళ్లమ్మ పే స్లిప్ తెచ్చి నా చేతిలో పెట్టింది. నెలకు 1,500 రూపాయల చొప్పున కోసింది హాస్టల్ అడ్వాన్సు కోసం. మూడు నెలలతో ఆ కోత ఆగిపోతుంది, ఉద్యోగం మానేటప్పుడు ఆ సొమ్ము తిరిగి ఇస్తారు. ఆ సంగతి కంపెనీలో ఎవరూ అతనికి విడమరచి చెప్పలేదు, అది వాళ్ల తప్పే. కానీ ఇతను కూడా అడగలేదు. అడిగితే ఏమనుకుంటారో అని రెండు నెలలు మనసులోనే పెట్టుకుని, ఒక రోజు ఎవరికీ చెప్పకుండా గది ఖాళీ చేసి వచ్చేశాడు. చివరి పదకొండు రోజుల జీతం కూడా అలాగే పోయింది.

ఆ కుర్రవాడికి లెక్క వచ్చు, మాట్లాడడమూ వచ్చు. తన డబ్బు గురించి తనకంటే పైవాడిని మర్యాదగా, భయం లేకుండా అడగడం మాత్రం రాదు. అది మా ఇద్దరి పాఠాల్లోనూ లేదు. ఆ రోజు నుంచి మేము రెండు పాఠాలనూ కలిపివేశాము.

ఎలా కలపాలో నేర్పింది ఆ భవనంలోనే కూర్చునే పొదుపు సంఘాల మహిళలు. నెల్లూరు ప్రాంతంలో పొదుపు అనే మాటకు ఒక చరిత్ర ఉంది. అక్షరాస్యత తరగతుల్లో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు 1992లో సారాకు వ్యతిరేకంగా లేచారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకు ఒక రూపాయి దాచుకునే ‘పొదుపు లక్ష్మి’ ఉద్యమం ఇక్కడి ఊళ్లలో వేళ్లూనుకుంది. తరువాతి కాలంలో సంఘాలు గ్రామ సమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా పెరిగాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో తిరిగి చెల్లింపు, సక్రమమైన పుస్తకాలు అనే పంచసూత్రాలు బడికి వెళ్లని అమ్మలకు కూడా కంఠతా వచ్చు.

ఒక సంఘ సమావేశాన్ని దగ్గర నుంచి చూసినవారికి నేను చెప్పేది అర్థమవుతుంది. పదిమంది గుండ్రంగా కూర్చుంటారు. ఆలస్యంగా వచ్చినవారు జరిమానా కట్టి కూర్చుంటారు. అప్పు కావలసిన మనిషి ఎంత కావాలో, ఎందుకు కావాలో, ఎన్ని వాయిదాల్లో తీరుస్తుందో అందరి ముందూ చెప్పాలి. పోయినసారి వాయిదా తప్పిన మనిషిని పక్కనున్నావిడ నొప్పించకుండా, అయినా వదలకుండా అడగాలి. చివరికి తీర్మానాల పుస్తకంలో రాసి అందరూ సంతకాలు పెట్టాలి. పట్టణాల్లో వేల రూపాయల ఫీజు కట్టి సాఫ్ట్ స్కిల్స్ పేరుతో నేర్చుకునేది ఇదే. ఆ తల్లులు పాతికేళ్లుగా చేస్తున్న పనే పిల్లలకు పాఠం కావాలి; విచారకరమైన విషయమేమిటంటే, అమ్మ సంఘానికి వెళ్లి వస్తుందని తెలిసిన పిల్లల్లో ఎక్కువమంది ఆ సమావేశం ఎలా జరుగుతుందో ఒక్కసారి కూడా చూడలేదు. అందుకే ఇప్పుడు మా మొదటి తరగతి సంఘ సమావేశమే. పిల్లలు గోడవారగా కూర్చుని చూస్తారు, మాట్లాడరు.

రెండో ఆదివారం పే స్లిప్. పేర్లు చెరిపేసిన అసలు స్లిప్పులనే పంచుతాము, ఎందుకంటే నల్లబల్ల మీద రాసిన లెక్కను పిల్లలు నమ్మినట్టు తల ఊపుతారు గాని, కాగితం చేతిలో ఉంటేనే ప్రశ్నలు పుడతాయి. మొత్తం జీతం 14,000, అందులో మూల వేతనం 9,000 అనుకుందాము. పీఎఫ్, అంటే ఉద్యోగి భవిష్య నిధి కింద మూల వేతనం మీద నూటికి 12 చొప్పున 1,080 పోతుంది. ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్ఐకి మొత్తం జీతం మీద నూటికి ముప్పావు రూపాయి, అంటే 105 రూపాయలు. పీఎఫ్ వాటా పోయిన డబ్బు కాదనీ, యజమాని కూడా మరో 1,080 వేయాలనీ, అందులో 750 పింఛను నిధికి, 330 పీఎఫ్ ఖాతాకు చేరతాయనీ చెప్పినప్పుడు తరగతిలో తప్పకుండా ఒక కలకలం పుడుతుంది. ‘ఫోన్లో చూసుకోవచ్చా సార్?’ అన్నది మొదటి ప్రశ్న. చూసుకోవచ్చు, యూఏఎన్ అనే పన్నెండు అంకెల పీఎఫ్ సంఖ్య ఒక్కటి రాసి పెట్టుకుంటే, ఎన్ని కంపెనీలు మారినా ఆ సంఖ్య మారదు. కంపెనీ మారిన ప్రతిసారీ ఉన్నదంతా తీసేసుకునే అలవాటు వద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే పింఛనుకు పదేళ్ల సర్వీసు లెక్కలోకి రావాలి. ఈఎస్ఐ కోత చూసి ముఖం చిట్లించే పిల్లలకు, తమతోపాటు ఇంట్లో తమ మీద ఆధారపడినవాళ్లకు కూడా వైద్యం అందుతుందని చెబితే, చాలామంది ఆ కార్డు సంగతి ఇంట్లో చెప్పలేదని అప్పుడు గుర్తు చేసుకుంటారు.

లెక్క అయిన వెంటనే పే స్లిప్ పట్టుకుని అడిగే పాఠం మొదలవుతుంది. నేను కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసే హెచ్ఆర్ అధికారిగా కూర్చుంటాను, పిల్లలు ఒక్కొక్కరే వచ్చి అడగాలి. మొదటిసారి దాదాపు అందరూ ‘సార్, డబ్బులు తక్కువ పడ్డాయి సార్’ అని ఆగిపోతారు. ఎంత తక్కువ, ఏ నెలలో, ఏ వరుసలో అని నేను అడిగితే నీళ్లు నములుతారు. నాలుగోసారికి మాట దారిలో పడుతుంది: ‘సార్, నమస్కారం. నాది బీ షిఫ్టు. మే నెల స్లిప్పులో ఇతర కోతల కింద 1,500 ఉంది. అది దేనికో, ఎన్ని నెలలు ఉంటుందో తెలుసుకుందామని వచ్చాను.’ ఇందులో ఫిర్యాదు లేదు, బతిమాలుకోవడమూ లేదు. సెలవు అడిగే సందేశం కూడా ఇలాగే నేర్పుతాము: కారణం ఒక వాక్యం, ఎన్ని రోజులు, మళ్లీ ఏ షిఫ్టుకు వస్తారు. షిఫ్టు మొదలైన తరువాత కాదు, ముందు రోజే పంపాలి.

వడ్డీ పాఠం మాత్రం నేను చెప్పను. బ్యాంకు అధికారులుగా మేము ఏడాదికి ఇంత శాతం అంటాము. ఊళ్లో లెక్క నెలకు నూటికి ఎన్ని రూపాయలు అని. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి పన్నెండు శాతం, పావలా వడ్డీ అంటే మూడు శాతం. ఈ భాష తల్లులకు వేళ్ల మీద ఉంటుంది. ఒక ఆదివారం ఒక అమ్మాయి, తన స్నేహితురాలు ఫోన్ యాప్‌లో 5,000 అప్పు తీసుకుంటే చేతికి 3,500 వచ్చిందనీ, ఏడు రోజుల్లో 5,000 కట్టమన్నారనీ చెప్పింది. వెనక కూర్చున్న సంఘం లీడరు కొంగు సర్దుకుని, పెదవులు కదుపుతూ లెక్క వేసి, “మూడున్నర వేలకు వారానికి పదిహేను వందలా? నూటికి వారానికి నలభై రెండు రూపాయలకు పైమాటే కదమ్మా! నెలకు రూపాయి దగ్గర అర్ధరూపాయి ఎక్కువంటేనే మేము సంఘంలో గంటసేపు వాదులాడతాం!” అంది. గది నిశ్శబ్దమైంది. తరగతి అయ్యాక ఇద్దరు అబ్బాయిలు నా దగ్గరికి వచ్చి ఫోన్లు తీసి చూపించారు. నా ఉద్యోగ జీవితంలో చెప్పిన ఏ వడ్డీ పాఠానికీ ఇంత ఫలితం రాలేదు.

ప్రభుత్వ శిక్షణ కార్యక్రమాల మీద నాకు గౌరవం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2005లోనే గ్రామీణ యువతకు ఉద్యోగాల కోసం ఈజీఎంఎం అనే ప్రభుత్వ ఉపాధి కల్పన సంస్థ ఏర్పడింది. 2014లో వచ్చిన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో చేతిపనితోపాటు మాటతీరు, కంప్యూటర్, ఇంగ్లీషు కూడా నేర్పుతారు. ఈ కేంద్రాలు లేకపోతే మా పిల్లల్లో చాలామందికి తొలి ఉద్యోగమే లేదు. అయితే శిక్షణ పొందిన చోటు ఒకటి, ఉద్యోగం మరొకచోట, ఇల్లు ఇంకొకచోట కావడంతో, రెండో నెలలో కష్టం వచ్చినప్పుడు పిల్లవాడు ఎవరికి ఫోన్ చేయాలో తెలియక నేరుగా బస్సెక్కుతాడు. ఊరి సమాఖ్య చేయగలిగిన పని అక్కడ ఉంది. మేము ఇప్పుడు ప్రతి పిల్లవాడికీ వాళ్లమ్మ సంఘంలోనిది కాని వేరే సంఘం నుంచి ఒక అక్కను కేటాయిస్తున్నాము. సొంత తల్లికి కష్టం చెప్పుకోవడం పిల్లలకు కష్టం, ఆమె బెంగపడుతుందని దాచిపెడతారు. జీతం పడిన వారంలో ఆ అక్కే ఫోన్ చేసి రెండు సంగతులు అడుగుతుంది: ఎంత పడింది, పనిలో ఏమైనా అడగలేకపోయావా.

ఈ పద్ధతిలోనూ లోటు ఉంది. రాత్రి షిఫ్టు పిల్లలు పగలు నిద్రపోతారు, అక్కలు రాత్రి తొమ్మిదికే పడుకుంటారు, ఫోన్లు కలవవు. వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపుకోవడం ఈ నెలలోనే మొదలుపెట్టాము. తమిళంలో ఉన్న స్లిప్పులు వస్తే చదివేవారు మాకు ఒక్కరే ఉన్నారు. వచ్చే నెల రెండో ఆదివారం కొత్త తరగతి మొదలవుతుంది, ఇప్పటికి పంతొమ్మిది మంది పేర్లు ఇచ్చారు. మీ దగ్గర పాత పే స్లిప్పులు ఉంటే పేరు, ఖాతా సంఖ్య, యూఏఎన్ పూర్తిగా చెరిపేసి నాకు పంపండి. ఓవర్‌టైమ్ విడిగా చూపించిన స్లిప్పులు మా దగ్గర రెండే ఉన్నాయి, పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఆ వరుస దగ్గరే.