మైసెల్ అంచున మెలిక తిరిగే పెప్టైడ్

గంజాం తీరంలో మొగలి చెట్టు చూసినవాళ్లకి హెలిక్స్ బొమ్మ వేరే గీయక్కర్లేదు. ఆకులు కాండం చుట్టూ మెలి తిరుగుతూ పైకి పోతాయి. తేనెటీగ విషంలోని మెలిటిన్ అనే పెప్టైడ్ 26 అమైనో ఆమ్లాల గొలుసు. ఉప్పు లేని పలుచని ద్రావణంలో దానికి నిలకడైన ఆకారం ఉండదు. ఎస్‌డీఎస్ (సోడియం డోడెసిల్ సల్ఫేట్, సబ్బులాంటి పదార్థం) అణువులు నీటిలో గుంపుకట్టిన ఉండ, అంటే మైసెల్, దొరికిందా, హెలిక్స్‌గా చుట్టుకుంటుంది. కణపొరకి బదులు ఈ ఉండనే వాడి చూస్తారు. చుట్టుకోవడం ఎందుకంటే గొలుసు వెన్నులోని ఎన్‌హెచ్, కార్బొనిల్ గుంపులకి మైసెల్ కొవ్వు అంచున హైడ్రోజన్ బంధం కలుపుకోవడానికి నీరు చాలదు, తమలో తామే కలుపుకుంటాయి. నీరు గిట్టని పక్క లోపలికి, ఆవేశమున్న పక్క బయటికి తిరుగుతుంది.

సీడీ (సర్క్యులర్ డైక్రోయిజం, వెలుతురుతో అణువు ఆకారం పట్టే కొలత) గీతలో ఆకారం లేనప్పుడుండే 198 నానోమీటర్ల దగ్గరి లోయ పోయి, హెలిక్స్ గుర్తుగా 208, 222 దగ్గర జంట లోయలు వస్తాయి.

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే పిల్లలు ఈ కొలతకి ముందు చూడాల్సింది బఫర్ (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం) సీసా మీది పేరు. 10 మిల్లీమోలార్ సోడియం ఫాస్ఫేట్ కావాలి. పొటాషియం ఫాస్ఫేట్ పోస్తే పొటాషియం డోడెసిల్ సల్ఫేట్ తెల్లగా అడుగుకి దిగుతుంది, తప్పేమో పెప్టైడ్ మీద పడుతుంది. ఉప్పు తప్పనిసరైతే సోడియం ఫ్లోరైడ్ వేయండి. క్లోరైడ్ 200 నానోమీటర్ల కింద వెలుతురు మింగేస్తుంది.

10 మిల్లీలీటర్లకి 86.5 మిల్లీగ్రాముల ఎస్‌డీఎస్ వేస్తే 30 మిల్లీమోలార్. మైసెల్ కట్టే హద్దు ఏమీ కలపని శుద్ధమైన నీటిలో సుమారు 8. మిగిలిన 22ని, ఒక్కో మైసెల్‌కి 62 అణువుల లెక్కన భాగిస్తే 0.35 మిల్లీమోలార్ మైసెల్స్. పెప్టైడ్ 40 మైక్రోమోలార్ ఉంటే ఒక్కోదానికి తొమ్మిది దాకా మైసెల్స్ అందుతాయి, ఇది చాలు. హద్దుకి దిగువన ధనావేశపు పెప్టైడ్ ఎస్‌డీఎస్‌తో ముద్దకట్టి మబ్బుగా మారుతుంది. అప్పుడు బీటా రకం (గొలుసులు పక్కపక్కన పేర్చుకున్న ఆకారపు) గీత కనిపిస్తే అది పొర దగ్గరి ఆకారం అనుకోకూడదు.

గట్టిగా కుదపొద్దు, నురగొస్తే క్వార్ట్జ్ సెల్‌లో బుడగలు నిలిచిపోతాయి. సెల్ మందం 1 మిల్లీమీటర్. అదే మైసెల్ ద్రావణాన్ని పెప్టైడ్ లేకుండా కొలిచి తీసివేయాలి.

సముద్రపు తేమకి పెప్టైడ్ పొడి ఇట్టే చెమ్మ పడుతుంది. ఫ్రీజర్ సీసా గది వేడికి వచ్చాకే మూత తీయండి. కోరాపుట్ చలికాలపు రాత్రి ఎస్‌డీఎస్ గడ్డకట్టినా పారబోయొద్దు, వెచ్చబెడితే కరుగుతుంది.

ఎస్‌డీఎస్ రుణావేశం బలమైనది, చాలా పెప్టైడ్లని హెలిక్స్‌లోకి లాగేస్తుంది. అందుకే అదొక్కటే చూసి కణపొర గురించి రాయడం నాకు సమ్మతం కాదు. తల మీద నికర ఆవేశం లేని డీపీసీ (డోడెసిల్‌ఫాస్ఫోకోలిన్) మైసెల్స్‌తోనూ కొలవండి. దాని హద్దు ఒక మిల్లీమోలార్ పైచిలుకే.