దగ్గు రాకముందే కుదరాల్సిన గుంపు

నాకొచ్చింది ఊపిరితిత్తుల టీబీ. కోర్సు పూర్తయింది, ఆఖరి తెమడ పరీక్షల క్రిమి లేదన్నరు, మళ్లీ సెంట్రింగ్ పనిల పడ్డ. గోలీల సంగతి దవాఖానల బాగనే చెప్తరు. ఆ గోలీలు ఆరు నెలలు మింగించే మనుషుల సంగతి ఎవరూ చెప్పరు. వాళ్లు రోగమొచ్చినంక వెతికితే దొరకరు.

నారాయణపేట, మక్తల్, కొడంగల్ దిక్కు నుంచి పుణే, ముంబైకి కూలికి పోయే గుంపులల్ల ఒక్కో రేకుల షెడ్డుల ఏడెనిమిది మంది పండుకుంటరు. రెండు వారాలు దాటిన దగ్గు, పొద్దుగూకితే జరం, రాత్రి చెమటలు, బరువు తగ్గుడు, తెమడల నెత్తురు. వీటిల ఏదున్నా పరీక్షకు పోవాలె. కాని అడ్వాన్సు తీసుకున్నోడు దగ్గును దాస్తడు, పని పోతదని. వాడు దాస్తే షెడ్డంత అంటుకుంటది. అందుకే మా గుంపుల అడ్వాన్సు చేతికి తీసుకునేనాడే ఒక మాట అనుకుంటం: జబ్బు చేస్తే బాకీ కోలుకున్నంక కట్టుకోవచ్చు, మనిషిని మాత్రం తరమం. ఈ మాట బయలెల్లకముందే కావాలె. దగ్గుతున్న మనిషి ముందర పంచాయితి పెడితే అందరికీ భయమే మాట్లాడుతది.

పరీక్షకు రెండు తెమడలు ఇయ్యాలె. ఒకటి పోయిననాడు అక్కడనే, ఇంకొకటి తెల్లారి లేవంగనే. నోరు పుక్కిలించి, గాలి లోపలిదాంక పీల్చి, ఆరుబయట దగ్గాలె. ఉత్త ఉమ్మి ఇస్తే రోగమున్నా దొరకకపోవచ్చు. తెమడల టీబీ క్రిమిని పట్టే సీబీనాట్, ట్రూనాట్ మిషన్ల మీద చేస్తే, టీబీకి ముఖ్యమైన రిఫాంపిసిన్ మందు పనిచేస్తదో లేదో కూడా తెలుస్తది.

గోలీలు బరువును బట్టి. పెద్దోళ్లకు 35 నుంచి 49 కిలోలుంటే దినాం 3, 50 నుంచి 64 ఉంటే 4, అన్నీ ఒకేసారి, పరిగడుపున. మొదటి రెండు నెలలు ఒక్క గోలీలనే నాలుగు మందులుంటయి, తర్వాత నాలుగు నెలలు మూడు. మూత్రం ఎర్రగ వస్తది. మా ఊరి ఆశమ్మ (ఆశా వర్కర్) మొదటి దినమే చెప్పింది: "బుగులువడకు అన్నా, అది రోగం గాదు, గోలీ రంగు." కండ్లు పచ్చబడ్డా, వాంతులు ఆగకున్నా, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా తెల్వకున్నా అదేనాడు డాక్టర్ దగ్గరికి పోవాలె. ఎవరో చెప్పిన్రని సొంతంగ గోలీలు తగ్గించొద్దు.

అసలు గండం జబ్బు ముదిరినప్పటికంటె రెండో నెల దాటినంక ఎక్కువ. దగ్గు పోతది, ఆకలైతది, ఒంటికి కండ పడుతది. గుంపు నుంచి ఫోనొస్తది, పని జోరుగుందని. చాలామంది మానేసేది అప్పుడే. మానేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగని రకమైతయి, అప్పుడు మందులు మారుతయి, బాధ పెరుగుతది. నాకు గోలీ మింగించే పని మా వదిన పట్టింది. పొద్దుగాల నీళ్ల చెంబు పట్టుకొని నిలవడేది, మింగి నోరు తెరిచి చూపెడితెనే పక్కకు జరిగేది. నన్ను తిట్టే హక్కు ఆమెకు ఎప్పటి నుంచో ఉంది. పెండ్లాం చెప్తే కసురుకుంటం, ఆశమ్మ చెప్తే సరేనని తప్పిచ్చుకుంటం. ఎదురుమాట అననియ్యని మనిషినే ఆ పనికి పెట్టాలె.

కల్లు సంగతి కూడ రాయాలె, పాలమూరుల అది లేకుంట లెక్క తప్పుతది. గోలీలకే లివర్ మీద బరువు, పైన తాగుడు కలిస్తే కామెర్లు. కాని మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటైన మనిషిని ఒక్కసారి ఆపితే వణుకు, పిచ్చిమాటలు, ఫిట్స్ వస్తయి. ఇంట్ల దాయకుంట డాక్టర్‌కు చెప్పి, ఆయన చెప్పినట్టు తగ్గించుకోవాలె.

కోర్సు నడుమల వలస పోవాల్సొస్తే భయం లేదు. నిక్షయ్ నంబర్‌తోని (టీబీ రోగికి సర్కారు ఇచ్చే నంబర్) మందులు వేరే రాష్ట్రంల కూడ ఇస్తరు. పోయేముందు ఇక్కడ చెప్పి బదిలీ చేయించుకోవాలె, దారికీ మొదటి వారానికీ సరిపోయే గోలీలు సంచిల పెట్టుకోవాలె. మందుల కార్డు ఫోటో మేస్త్రీ ఫోన్ల ఉండాలె, ఎందుకంటే మన ఫోన్ పోయే చోటు సైటే. ఏదన్న అడగాలంటే టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666కు చేస్తే పైసలు పడవు.

తిండికి ప్రభుత్వం నెలకు 1000 ఇస్తది, 2024 నవంబర్ దాంక 500 ఉండె. బ్యాంకు ఖాతా వివరాలు తప్పు పడితే ఆగుతది. గుడ్లు, పల్లీలు, పప్పు మీద పెడితే నెల సగమన్నా గడుస్తది. షెడ్డుల కలిసి పండుకున్నోళ్లందరూ పరీక్ష చేయించుకోవాలె. రోగం లేదని తేలితే రాకుంట ఆపే మందుంది, ఒక రకమైతే వారానికోసారి, 12 వారాలు.

కోర్సయినంక రెండేండ్లు, ఆరు నెలలకోసారి చూపించుకోవాలె. పనిల దిగినా మొదట్ల సెంట్రింగ్ పలకలు మోసుడు వద్దు. ఊచలకు తీగ కట్టుడు, మేకులు పీకి సాపు చేసుడు లాంటి కూర్చొని చేసే పని అడగాలె. దానికి హాజరు సగం రాస్తరా, ముప్పావు రాస్తరా అన్నది ఊరి నుంచి బస్సెక్కకముందే మేస్త్రీతోని తేల్చుకోవాలె.