బీపీకి వెళితే కంటి పరీక్ష రాశారు

బీపీ మాత్రలు మొదలుపెట్టిన కొత్తలోనే మా డాక్టరుగారు రెటీనా, అంటే కంటి లోపల వెనక ఉండే పొర, పరీక్ష చేయించుకు రమ్మన్నారు. చూపు బాగానే ఉంది కదండీ, అద్దాల నంబరు కూడా మారలేదు అన్నాను. "చూపు సంగతి కాదండీ, మీ రక్తనాళాలు ఎలా ఉన్నాయో తెలియాలి. కోత పెట్టకుండా వాటిని నేరుగా చూడగలిగేది కంట్లోనే" అన్నారు.

కంటి ఆసుపత్రిలో ముందు అక్షరాలు చదివించి, కంటి ప్రెషర్ చూశారు. నార్మల్ వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే, దానికీ బీపీకీ పొంతన లేదని అక్కడి అమ్మాయి చెప్పింది. కంటి ప్రెషర్ చూసేది నీటికాసుల జబ్బు కోసమట.

తర్వాత కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేశారు. కాస్త మండాయి. కాసేపటికి చేతిలో ఫోన్ ఉన్నా అక్షరాలు అలుక్కుపోయాయి. ఈ మసక 4 నుంచి 6 గంటలు ఉండొచ్చు, బండి నడపకూడదు. ఎవరినైనా వెంటబెట్టుకుని, నల్ల కళ్లద్దాలు తీసుకుని వెళ్లడం మంచిది. ఈ ముక్క ముందే ఎవరూ చెప్పరు.

గడ్డం ఆనించి కూర్చుంటే పైకి, కిందికి, పక్కలకు చూడమంటూ డాక్టరమ్మ లైటు వేసి చూశారు. కళ్లలో నీళ్లు కారాయి గానీ నొప్పేమీ లేదు. ఆ తర్వాత ఫొటో తీసి స్క్రీన్ మీద చూపించారు. నారింజ రంగు గుండ్రం, ఒక పక్కన లేత పసుపు బిళ్ల. అది కంటి నరం మొదలు. అక్కణ్నుంచి రక్తనాళాలు కొమ్మలుగా చీలాయి. ముదురు రంగులో లావుగా ఉన్నవి సిరలు, సన్నవి ధమనులు. ఒకచోట ధమని సిర మీదుగా దాటుతోంది. అక్కడ సిర, కాలితో తొక్కిన నీళ్ల పైపులా నొక్కుకుపోయి ఉంది.

బీపీ చాలాకాలం ఎక్కువగా ఉంటే ధమని గోడ గట్టిపడుతుంది. ఆ కూడలిలో రెండింటికీ ఒకటే పొర కాబట్టి కింద ఉన్న సిర నలుగుతుంది. అలాంటి చోటే రక్తం గడ్డకట్టి సిర మూసుకుపోతే రక్తం, నీరు రెటీనాలోకి కారి ఉన్నట్టుండి చూపు మసకబారుతుంది. చూపుకు కీలకమైన నడిమి భాగం వాస్తే కంట్లోకి ఇంజెక్షన్లు ఇవ్వాల్సి వస్తుంది. నాకు అంతదాకా రాలేదు.

బీపీ వల్ల రెటీనాలో వచ్చే మార్పులకు 1939లో కీత్, వాగెనర్, బార్కర్ అనే డాక్టర్లు చేసిన 4 గ్రేడుల లెక్కలో నాది రెండోది. మూడో గ్రేడులో రక్తపు చారలు, దూది పింజల్లాంటి తెల్ల మచ్చలు కనిపిస్తాయి. నాలుగులో కంటి నరం మొదలే వాస్తుంది. బీపీ అదుపులోకి వస్తే ఆ చారలు, మచ్చలు చాలావరకు తగ్గుతాయి గానీ, నాకున్న నొక్కుడు మాత్రం సాధారణంగా అలాగే ఉండిపోతుందట.

చుక్కల మందు రాస్తారనుకున్నాను. ఏమీ రాయలేదు, మందు బీపీ మాత్రేనన్నారు. రిపోర్టు చూసి మా డాక్టరుగారు డోసు కొంచెమే పెంచారు. బీపీని ఒక్కసారిగా దించేస్తే కంటి నరానికి, మెదడుకు రక్తం చాలక ప్రమాదమట. బీపీ 180/120 దాటి చూపు మసకబారినా, తలనొప్పి తీవ్రంగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి రమ్మన్నారు. రెటీనా ఫొటో కాపీ మాత్రం అడిగి తెచ్చుకున్నాను, వచ్చే ఏడాది ఫొటోతో పోల్చి చూస్తారట.