వంతెన లేని మలుపు: అమ్మానాన్నలతో దునాకాన్యార్

బుడాపెస్ట్‌కి ఉత్తరాన దాన్యూబ్ ఉన్నట్టుండి దారి మార్చుకుంటుంది. వియన్నా వైపు నుంచి తూర్పుగా వస్తున్న నది, బోర్జోని కొండలకీ విశెగ్రాద్ కొండలకీ మధ్య ఇరుకులో మెలిక తిరిగి దక్షిణం పడుతుంది. ఆ మెలికనే హంగేరీలో దునాకాన్యార్ అంటారు. ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చినప్పటి నుంచీ నాకు ఎక్కువ ఇష్టమైన చోటు ఇదే. అమ్మానాన్న వచ్చినప్పుడు పార్లమెంటు భవనం కన్నా ముందు ఈ నదే చూపించాలనుకున్నాను.

వాళ్లని తీసుకెళ్లడానికి మాత్రం కాస్త లెక్క వేసుకోవాల్సి వచ్చింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు. పైగా బుడాపెస్ట్ ఉత్తరపు అంచున ఉన్న మెగ్యేరి వంతెన దాటాక, మళ్లీ ఎస్తెర్గొమ్ వచ్చేదాకా నది ఇటు ఒడ్డు నుంచి అటు ఒడ్డుకి వంతెనే లేదు. ఈ మలుపులో చూడాల్సిన ఊళ్లు సెంతెంద్రె, విశెగ్రాద్, ఎస్తెర్గొమ్ మూడూ కుడి ఒడ్డున ఉన్నాయి. విశెగ్రాద్ దగ్గర రైలు మాత్రం ఎడమ ఒడ్డున నడుస్తుంది. అందుకని సెంతెంద్రె మీదుగా విశెగ్రాద్ వెళ్లి, అక్కడ పంటు ఎక్కి అటు ఒడ్డుకి దాటి రైల్లో ఇంటికి రావాలనీ, ఎస్తెర్గొమ్ మరో రోజుకి ఉంచాలనీ అనుకున్నాం. వేసవిలో బుడాపెస్ట్ నుంచి పెద్ద పడవలు కూడా వెళ్తాయి. కానీ ప్రవాహానికి ఎదురెక్కే ప్రయాణం కదా, గంటలకి గంటలు పడుతుంది. ఊళ్లు చూడ్డానికి తీరిక మిగలదు.

బట్యాని తేర్ స్టేషన్లో ఆకుపచ్చ సబర్బన్ రైలు ఎక్కితే ముప్పావుగంటలో సెంతెంద్రె. బుడాపెస్ట్ పాస్ ఆ నగరం పొలిమేర దాకే చెల్లుతుంది. అవతలి దూరానికి వేరే టికెట్ ముందే తీసుకోవాలి.

సెంతెంద్రె అందాన్ని చాలామంది దుకాణాల వీధిలో వెతుకుతారు. నాకైతే ఆ ఊరి ప్రాణం సెర్బుల చర్చిల్లో కనిపించింది. 1690లో ఒట్టోమన్ సైన్యాలకి వెరచి, తమ మతపెద్ద పాత్రియార్క్ ఆర్సెనియె చార్నోయెవిచ్ వెంట వేల సెర్బు కుటుంబాలు ఉత్తరానికి తరలివచ్చాయి. అందులో కొందరు ఇక్కడ ఆగిపోయారు. వ్యాపారాలు చేసి, నిలదొక్కుకుని, రాతి చర్చిలు కట్టుకున్నారు. నడిబొడ్డున ఉన్న కూడలిలోని శిలువ 1763 నాటిది, ప్లేగు నుంచి ఊరు బయటపడ్డందుకు సెర్బు వర్తకులు నిలబెట్టింది. పక్కనే ఉన్న బ్లగొవెష్టెన్స్కా చర్చిలో, బంగారు చట్రాల్లో వరసగా నిలిచిన దేవతా చిత్రాల ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. "ఊరొదిలి వచ్చినా దేవుణ్ణి వదల్లేదు చూడు వీళ్లు" అంది.

అక్కణ్ణుంచి కొవాచ్ మార్గిత్ మట్టి శిల్పాల మ్యూజియానికి వెళ్లాం. పిల్లని ఎత్తుకున్న తల్లులు, ఎవరికోసమో ఎదురుచూసే ముసలమ్మలు, అంతా కాల్చిన మట్టే. తప్పక చూడాల్సింది ఇదే అంటాను.

తిండి సంగతి కూడా చెప్పాలి. లాంగోష్ అని, పులిసిన పిండిని పరిచి నూనెలో వేయించి, వెల్లుల్లి నీళ్లు రాసి, పుల్లటి మీగడా చీజూ వేసి ఇస్తారు. శాకాహారులకి కడుపు నింపేది అదే. అయితే కొన్ని చోట్ల పంది కొవ్వులో వేయిస్తారు. అడిగి తెలుసుకున్నాకే కొనండి.

సబర్బన్ స్టేషన్ పక్కనే విశెగ్రాద్ బస్సు దొరుకుతుంది. నది వెంబడే దారి. కుడి వైపు కిటికీ దగ్గర కూర్చోండి.

విశెగ్రాద్ కొండ మీది కోట కట్టించింది నాలుగో బేలా రాజు. 1241లో మంగోలులు వచ్చి దేశాన్ని ఊడ్చేసి వెళ్లాక, మళ్లీ వస్తే తట్టుకోవడానికి దేశమంతా రాతి కోటలు లేపించాడు. అడవిలోంచి కాలిబాట ఉంది గానీ నిటారుగా ఉంటుంది. మేం కింద వ్యాన్ టాక్సీ మాట్లాడుకుని పైకెళ్లాం.

ఈ కోటలోనే హంగేరీ రాజకిరీటాన్ని దాచేవారు. 1440 మొదట్లో, అంతకుముందు ఏడాదే రాజు చనిపోయి, రాణి ఎలిజబెత్ నిండు గర్భిణిగా ఉంది. పుట్టబోయే బిడ్డకే కిరీటం దక్కాలని తన చెలికత్తె హెలెనె కొట్టానర్‌ని పంపింది. ఆవిడ రాత్రిపూట తాళాలు తీయించి, కిరీటాన్ని దిండులో కుట్టేసి, గడ్డకట్టిన దాన్యూబ్ మీదుగా స్లెడ్జి బండిలో దాటించింది. కిరీటం తన దగ్గరికి చేరిన రాత్రే రాణికి కొడుకు పుట్టాడు. ఇదంతా హెలెనె తన జ్ఞాపకాల్లో చెప్పుకుంది. కోట గోడ మీంచి ఆ నదినే చూస్తూ ఈ కథ చెబుతుంటే, నాన్న మధ్యలో ఆపి "మంచు విరిగుంటే?" అన్నాడు. విరగబోయిందనే ఆవిడ రాసింది. వెంట వచ్చినవాళ్ల బండి ఒకటి నీళ్లలో పడిందట కూడా.

కింద ఒడ్డున రాజప్రాసాదం. హంగేరీ, బొహీమియా, పోలండ్ రాజులు 1335లో కలుసుకున్నది ఈ ఊళ్లోనే. తర్వాత మాత్యాష్ రాజు ఆ ప్రాసాదాన్ని పాలరాతి ఫౌంటెన్లతో తీర్చిదిద్దాడు. ఒట్టోమన్ యుద్ధాల తర్వాత అది ఎంతగా మట్టిలో కలిసిపోయిందంటే, నిజంగా ఉండేదా అని పండితులే అనుమానపడ్డారు. 1934లో తవ్వకాల్లో గోడలు బయటపడ్డాయి.

కార్లూ సైకిళ్లూ మనుషులూ కలిసి ఎక్కే పంటు చూడగానే నాన్న మొహం విప్పారింది. మాది గోదావరి ఒడ్డు. నది మధ్యకి వచ్చాక రెండు వైపులా కొండలు చూసి "అచ్చం పాపికొండలేరా" అన్నాడు. అప్పుడు ఆనకట్ట సంగతి చెప్పాను. 1977లో హంగేరీ, చెకోస్లొవాకియా కలిసి దాన్యూబ్ మీద రెండు ఆనకట్టలు కట్టాలని ఒప్పందం చేసుకున్నాయి. అందులో ఒకటి మేం దిగబోయే నాజ్‌మరోష్ దగ్గర. యానోష్ వార్గా అనే జీవశాస్త్రవేత్త దీన్ని ఎదిరిస్తూ రాశాడు. ఆయన మొదలుపెట్టిన దునా కోర్ అనే బృందం చుట్టూ జనం పోగయ్యారు. సభ పెట్టడమే ప్రమాదమైన కమ్యూనిస్టు పాలనలో, 1988లో వేలమంది బుడాపెస్ట్ వీధుల్లోకి వచ్చారు. 1989లో నాజ్‌మరోష్ పని ఆగింది. నదిలో అప్పటికే పోసిన అడ్డుకట్టను తర్వాత తీసేశారు. తగువు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. 1997 తీర్పులో హంగేరీదీ, చెకోస్లొవాకియా విడిపోయాక దాని స్థానంలోకి వచ్చిన స్లొవాకియాదీ తప్పుందని కోర్టు తేల్చింది.

నాన్న ఏమీ అనలేదు. మా మేనత్త వాళ్లది దేవీపట్నం. పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక గోదావరి వరద ఆ ఊరి ఇళ్లలోకి ఎలా వచ్చిందో ఆయనకి నేను చెప్పాల్సిన పని లేదు. ఈ మలుపు ఇలా ఉండటం వెనక కొండలతో పాటు మనుషులూ ఉన్నారని తెలిశాక, ఈ ప్రాంతం మీద నాకు గౌరవం పెరిగింది.

పంటు దిగితే స్టేషన్ నాలుగడుగులే. గంటలోపే బుడాపెస్ట్‌లో న్యుగతి స్టేషన్.

ఎస్తెర్గొమ్‌కి న్యుగతి నుంచే నేరుగా రైలుంది. స్టేషన్ నుంచి బసిలికా దూరం కాబట్టి సిటీ బస్సు ఎక్కాలి. హంగేరీలో అతి పెద్ద చర్చి అది. 1856లో ప్రతిష్ఠ జరిగినప్పుడు సంగీతకారుడు ఫ్రాంజ్ లిస్ట్ తను కట్టిన సంగీతాన్ని స్వయంగా నడిపించాడు. లోపల ఎర్ర పాలరాతి బకోత్స్ మందిరం చూడకుండా రావద్దు. 16వ శతాబ్దపు ఆ మందిరాన్ని కొత్త చర్చి కోసం ముక్కలుగా విడదీసి, జరిపి, మళ్లీ పేర్చారు.

బసిలికా నిండుగా కనిపించేది మాత్రం అవతలి దేశం నుంచి. మారియా వలేరియా వంతెన మీద నడిస్తే స్లొవాకియాలోని ష్టూరోవో వస్తుంది. 1944లో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం పేల్చేసిన ఆ వంతెన 2001 దాకా మొండిగానే ఉండిపోయింది. ఇప్పుడు సాధారణంగా తనిఖీ ఉండదు. అయినా పాస్‌పోర్టూ వీసా కాగితాలూ దగ్గర ఉంచుకోండి. అటు వైపు యూరోలు, ఇటు ఫోరింట్లు.

ఒక్క రోజే ఉందంటే నేను విశెగ్రాద్‌కే వెళ్లమంటాను. సోమవారం మాత్రం వద్దు, మ్యూజియాలు మూసి ఉంటాయి. నీళ్లు మరీ తగ్గినా, వరద వచ్చినా పంటు ఆపేస్తారు. కొండెక్కే ముందే రేవు దగ్గర బోర్డులో ఆఖరి పంటు ఎన్నింటికో చూసుకోండి.